సూట్‌కేసు సర్దే ముందు ఒక కాగితం

ఉగాది సంచిక మీ చేతికి అందేసరికి మన సభ్యుల ఇళ్ళలో చాలాచోట్ల అటక మీది సూట్‌కేసులు కిందికి దిగి ఉంటాయి. వేసవి వస్తోందంటే మనకు ప్రయాణాలే. ఒకరి అమ్మాయికి పురుడు, ఒకరి అబ్బాయి కొత్త ఇల్లు కొన్నాడు, ఇంకొకరి మనవరాలికి బడి సెలవులు, ఇంట్లో చూసేవాళ్ళు లేరు. మొన్న మల్లేశ్వరం ఎనిమిదో క్రాసులో మన సంఘం సభ్యురాలు ఒకావిడ కనిపించి, "ఆవకాయ ఎన్ని కవర్లలో చుడితే నూనె కారదండీ?" అని అడిగారు. ఆ విద్యలో నాకు చాలా ఏళ్ళ అనుభవం ఉంది కాబట్టి నిలబడిన చోటే పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. ఇంటికి వచ్చాక అనిపించింది. ఆవిడకు బి.పి. ఉంది, మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి, చేయబోయేది ఒక రోజంతా పట్టే ప్రయాణం. వాటి గురించి ఆవిడ అడగలేదు, నేనూ చెప్పలేదు. అందుకే ఈసారి ఈ శీర్షికలో వంటల సంగతి పక్కన పెట్టి, ఆ చెప్పని మాటలు రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. ఒకసారి దెబ్బ తిన్నదాన్ని, అంతే.

2020 ఫిబ్రవరిలో మా వారూ నేనూ న్యూజెర్సీలో మా అబ్బాయి దగ్గరికి వెళ్ళాం. కోడలికి నెలలు నిండుతున్నాయి. ఏప్రిల్ నెలాఖరుకు తిరుగు టికెట్లు. మా వారికి పన్నెండేళ్ళుగా షుగరు, బి.పి. రెండూ ఉన్నాయి. మూడు నెలలకు సరిపడా మాత్రలు కొన్నాం. కొన్నాక ఆయన చేసిన పని ఏమిటంటే, "ఈ అట్టలూ రేకులూ బరువు దండగ" అని మాత్రలన్నీ ఒలిచి, మూడు చిన్న డబ్బాల్లో పోసి, మూతల మీద 'ఉదయం', 'మధ్యాహ్నం', 'రాత్రి' అని కాగితం ముక్కలు అంటించారు. ముప్పై ఏళ్ళు బ్యాంకులో లెక్కలు చూసిన మనిషి కదా, ఆ ముచ్చట చూసి నేనూ మురిసిపోయాను. మిగిలిన చోటులో ఇంకో అరకిలో సున్నిపిండి పట్టింది.

మార్చి 22 నుంచి మన దేశానికి అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. ముందు ఒక వారమే అన్నారు. ఆ వారం ఎంత పొడుగు సాగిందో మీ అందరికీ తెలుసు. ఏప్రిల్ సగం అయ్యేసరికి డబ్బాలు అడుగు కనిపించసాగాయి. మందుల షాపుకు వెళ్ళి కొందామంటే అక్కడ మన బెంగళూరు డాక్టరు రాసిన చీటీ చెల్లదు, అక్కడి డాక్టరే రాయాలి. వాళ్ళేమో ఎవరినీ ఎదురుగా చూడడం లేదు. మా అబ్బాయి ఎలాగో వీడియోలో ఒక డాక్టరమ్మను పట్టుకున్నాడు. ఆవిడ ఎంతో ఓపికగా, "ఏ మందులు వాడుతున్నారు?" అని అడిగింది.

మా వారు డబ్బా మూత తీసి చూపించారు. "పొద్దున తెల్లది, మధ్యలో గీత ఉంటుంది. రాత్రి గులాబీ రంగుది, చిన్నది."

ఆవిడ నవ్వలేదు. ఇంకోసారి అడిగింది. ఈయన ఇంకోసారి రంగులే చెప్పారు. నాకు మాత్రం తెలుసా? పన్నెండేళ్ళుగా ఆ మాత్రలు మా చేత్తోనే తెచ్చుకుంటున్నాం, ఒక్కదాని పేరూ నోటికి రాలేదు. మేము షాపు ముందు నిలబడితే చాలు, అతను లోపలినుంచి తెచ్చి ఇస్తాడు. మన జబ్బులు మనకంటే మన వీధి మందుల షాపు అతనికే బాగా గుర్తుంటాయి!

చివరికి అతనికే ఫోను చేశాం. న్యూజెర్సీలో రాత్రి పదకొండు, ఇక్కడ ఉదయం ఎనిమిదిన్నర, అప్పుడే షట్టరు ఎత్తుతున్నాడు. "సార్ మాత్రె తానే మేడమ్, ననగె గొత్తు బిడి" అన్నాడు. పది నిమిషాల్లో మూడు రేకులకూ ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపాడు. ఆ రోజున దేవుడు కన్నడంలో మాట్లాడాడు అనుకున్నాను.

ఫొటో చూసి డాక్టరమ్మ కాసేపు ఆలోచించింది. ఆ షుగరు మాత్ర ఒక్కదానిలోనే మూడు మందులు ఉన్నాయట: గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోస్. ఇలా రెండు మూడు మందులు కలిపిన మాత్రలు మన దేశంలో అనేకం. అమెరికాలో ఆ కలయిక దొరకదు, వోగ్లిబోస్ అయితే అసలు అమ్మకానికే లేదు. అందుకని మిగిలిన రెండిటినీ విడివిడిగా రాసి పంపింది. ఇంతవరకు బాగానే ఉంది.

అసలు సంగతి ఇక్కడ మొదలైంది. కొత్త మాత్రలు వచ్చేసరికి పాత డబ్బాలో ఇంకా పది రోజులకు సరిపడా ఉన్నాయి. కొత్త సీసాల మీద పేర్లు వేరు, రంగులు వేరు. పాతవాటికి బదులుగా ఇవి వచ్చాయని ఆయనకు తట్టలేదు. "అక్కడిది అక్కడిదే, ఇది ఈవిడ అదనంగా ఇచ్చింది" అనుకుని రెండూ వేసుకున్నారు. మూడు రోజులు! నేను చంటిబిడ్డ స్నానాల హడావుడిలో ఉండి చూడలేదు. నాలుగో రోజు తెల్లవారుజామున లేచి చూస్తే బనియను తడిసి పిండితే నీళ్ళు కారేలా ఉంది. చేతులు వణుకుతున్నాయి. నన్ను చూసి, "అక్కయ్యా, బండి వచ్చిందా?" అని అడిగారు. వాళ్ళ అక్కయ్య పోయి అప్పటికి తొమ్మిదేళ్ళు.

కోడలు పచ్చి బాలింతరాలు, పరుగున వచ్చి షుగరు మిషను పెట్టి చూసింది. 48. నారింజ రసం తాగించింది. అబ్బాయి 911కి ఫోను చేశాడు. వచ్చినవాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే: "ఏం మందులు వాడతారు?" గ్లిమెపిరైడ్ లాంటి మందు ఎక్కువైతే రసం తాగి తేరుకున్నాక కూడా షుగరు మళ్ళీ మళ్ళీ పడిపోవచ్చట, ఒక్కోసారి రోజంతా. అందుకని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. అవి ఏ రోజులో గుర్తుందిగా? వెంట ఎవరినీ రానివ్వలేదు. మాస్కు పెట్టుకున్న నలుగురి మధ్య ఆయన ఒక్కరే లోపలికి వెళ్ళారు. ఇంగ్లీషులో బ్యాంకు నడిపిన మనిషికి ఆ పూట ఇంగ్లీషు ఒక్క ముక్క రాలేదట. నర్సు ఫోనులో తెలుగు దుబాసీని పిలిపించిందట. "ఎవరో నెల్లూరు యాసమ్మాయే, పేరు అడగడం మరిచిపోయాను" అని ఇప్పటికీ చెప్తుంటారు.

మర్నాడు సాయంత్రం ఇంటికి వచ్చారు. ఆగస్టులో వందే భారత్ విమానంలో సీట్లు దొరికి బెంగళూరు చేరాం. వచ్చిన వారం లోపలే నేను చేసిన మొదటి పని ఒక కాగితం రాయడం.

ఆ కాగితం గురించే ఇంత చెప్పింది. ఒకే పేజీ. పైన పేరు, పుట్టిన తేదీ, రక్తం గ్రూపు. ఏ జబ్బు ఏ ఏడు నుంచి ఉంది. ఏ ఆపరేషన్ ఎప్పుడు జరిగింది. ఏ మందు పడదు - ఇది ఎర్ర సిరాతో. ఆ తర్వాత మందులు. ఇక్కడే జాగ్రత్త. రేకు మీద పెద్ద అక్షరాల్లో ఉండే కంపెనీ పేరు కాదు, దాని పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లు, దేని కోసం. కంపెనీ పేర్లు దేశం దాటితే ఎవరికీ తెలియవు. ఒక్కోసారి అదే పేరుతో ఇంకో దేశంలో వేరే మందు అమ్ముతారు, అది మరీ ప్రమాదం. ఈ కాగితం మీ డాక్టరు చేతే చూపించి సంతకం, ముద్ర వేయించుకోండి. గుండె జబ్బు ఉన్నవాళ్ళు పాత ఇ.సి.జి. నకలు కూడా దానికి జత చేస్తే మంచిది. అక్కడ ఛాతీలో నొప్పి అని వెళితే, కొత్త ఇ.సి.జి.లో కనిపించే తేడా ఇప్పటిదా పాతదా అని డాక్టరు పోల్చి చూడడానికి ఉంటుంది.

అసలు పేర్లలోనూ ఒక తిరకాసు ఉంది సుమా! మనం పారాసెటమాల్ అనేదాన్ని అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. రెండూ ఒకటే. మన సంచిలోని జ్వరం మాత్ర వేసుకుని, పైన అక్కడి జలుబు మందు తాగారనుకోండి, అందులోనూ అదే ఉండవచ్చు. పెద్దవాళ్ళకు రోజు మొత్తం మీద నాలుగు గ్రాములు దాటితే కాలేయానికి ముప్పు. ఉబ్బసానికి మనం పీల్చే సాల్బుటమాల్ అక్కడ అల్బుటెరాల్. షుగరుకు వాడే గ్లిబెన్‌క్లమైడ్ అక్కడ గ్లైబ్యురైడ్. వాడేవాళ్ళు రెండు పేర్లూ రాసుకోండి.

అంకెలు కూడా దేశాన్ని బట్టి మారతాయి. మా పెద్ద వదిన మెల్‌బోర్న్‌లో కూతురింటికి వెళ్ళింది. తన షుగరు మిషనుకు పట్టీలు అయిపోతే కూతురు అక్కడి మిషను కొనిచ్చింది. భోజనం చేసిన రెండు గంటలకు చూసుకుంటే 9 అని వచ్చింది. తొమ్మిదే! ప్రాణం పోతోందనుకుని వదిన రెండు చెంచాల పంచదార నోట్లో వేసుకుని, దేవుడి ముందు కూర్చుని కూతురికి ఫోను చేసింది. ఆస్ట్రేలియా, ఇంగ్లండు, కెనడాలలో కొలత వేరు. వాళ్ళ అంకెను 18తో గుణిస్తే మన అంకె వస్తుంది. 9 అంటే 162. భోజనం తర్వాత అంత కంగారు పడాల్సింది కాదు. అమెరికాలో మాత్రం మన కొలతే. మీ సొంత మిషను, సరిపడా పట్టీలు తీసుకెళ్తే ఈ గోలే ఉండదు.

మందులు సర్దేటప్పుడు మా వారిలా ఒలవకండి. రేకుల్లోనే, డాక్టరు చీటీతో, చేతి సంచిలోనే పెట్టుకోండి. లోపలికి వేసిన పెట్టె ఒక్కోసారి మనతో రాదు, మన మాత్రలు ఇంకో ఊరు చూసి వస్తాయి. ఇన్సులిన్ అయితే అసలే పెట్టెలో వేయకూడదు, సామాన్ల అరలో చలికి గడ్డ కట్టిందంటే పనికిరాదు. ఉండే రోజులకంటే కొంచెం ఎక్కువ తీసుకెళ్ళండి. అయితే అమెరికాకు మూడు నెలలకు మించి మందులు పట్టుకెళ్ళడం పద్ధతి కాదంటారు. అంతకు మించి ఉండేవాళ్ళు అక్కడి డాక్టరును ముందే చూసుకోవడం నయం. కళ్ళజోడు రెండోది, పళ్ళ పని ముందే.

ఇక గల్ఫ్ దేశాలకు వెళ్ళేవాళ్ళకు ఇంకో హెచ్చరిక. మనకు నొప్పికి మామూలుగా రాసే ట్రమడాల్, దగ్గు మందుల్లో ఉండే కొడీన్ అక్కడ గట్టి నియంత్రణలో ఉన్న మందులు. ముందుగా అనుమతి లేకుండా పట్టుకెళ్తే కేసు అవుతుంది. మందుల మాట అలా ఉంచండి, గసగసాలు! మా వీధిలో ఒక కన్నడ ఆవిడ దుబాయిలో కూతురికి గసగసె పాయసం ఇష్టమని పావుకిలో పొట్లం కట్టింది. గసగసాలు నల్లమందు మొక్క గింజలే కదా, యు.ఎ.ఇ.లోనూ సౌదీలోనూ నిషేధం. సింగపూరులోనూ అంతే. ఎవరో చెప్పబట్టి బయలుదేరే పూట పొట్లం బయటికి తీసింది. మన మసాలా పొడుల్లో కూడా గసగసాలు ఉంటాయి, చూసి మరీ సర్దండి. అమెరికాకు పచ్చి కరివేపాకు వద్దు. అది నిమ్మ, నారింజల కుటుంబపు మొక్క. దాని మీద ఉండే ఒక చిన్న పురుగు నారింజ తోటలకు తెగులు మోసుకెళ్తుందని వాళ్ళ భయం, అది వట్టి భయమూ కాదు. కరివేపాకు పొడి చేసుకుని వెళ్ళండి, అడిగితే ఉందని చెప్పండి.

బీమా గురించి ఒక్క మాటే. షుగరు ఉందని రాస్తే ప్రీమియం పెరుగుతుందని కొందరు 'ఏమీ లేదు' అని గీత పెడతారు. రేపు బిల్లు వచ్చినప్పుడు ఆ గీతే మెడకు చుట్టుకుంటుంది. మేము ఉన్నది ఉన్నట్టు రాశాం. పాత జబ్బు హఠాత్తుగా ముదిరితే ఇస్తామనే షరతు మా పాలసీలో ఉండబట్టి కొంతైనా వచ్చింది. ఆ షరతు ఉందో లేదో కొనేముందు చదవండి. అక్షరాలు చిన్నవైతే మనవడిచేత చదివించుకోండి. యూరప్ దేశాల షెంగెన్ వీసాకు అయితే కనీసం 30,000 యూరోల వైద్య బీమా లేనిదే దరఖాస్తే తీసుకోరు.

టీకాల సంగతి చెబితే కొందరు ముఖం చిట్లిస్తారు, "ఇదెక్కడి కొత్త గొడవ" అని. మన ఊరికి ఇది కొత్త కాదు. 1898 ఆగస్టులో హుబ్లీ వైపు నుంచి రైలు దారిన ప్లేగు బెంగళూరుకు వచ్చింది. మనలో చాలామంది కాపురం ఉంటున్న మల్లేశ్వరం, బసవనగుడి ఆ దెబ్బ తర్వాతే ఊపందుకున్న పేటలు. ఆ కాలంలో మద్రాసు రాజధానిలో ప్లేగు ఊళ్ళ నుంచి వచ్చే ప్రయాణికులకు 'ప్లేగు పాస్‌పోర్టు' అని ఒక కాగితం ఇచ్చి, రోజూ వచ్చి కనిపించమనేవారు. మన తాతల తాతలు రైలు దిగి చేసిన పనే ఇప్పుడు మనం విమానం దిగి చేస్తున్నాం.

కెన్యాకు సింహాలను చూడడానికి వెళ్ళేవాళ్ళు ఈ మధ్య మన సభ్యుల్లోనూ కనిపిస్తున్నారు. వాళ్ళకు ఎల్లో ఫీవర్ టీకా కావాలి. ప్రభుత్వం అనుమతించిన కేంద్రాల్లోనే వేస్తారు, పసుపు పచ్చ పుస్తకంలో రాసి ఇస్తారు. వేసిన పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది. అంటే ప్రయాణం ముందు రోజు పరుగెత్తి లాభం లేదు. 2016 జులై నుంచి ఆ పత్రం జన్మంతా చెల్లుతుంది కాబట్టి పుస్తకం పారేయకండి. అరవై దాటినవాళ్ళు, గుడ్డు పడనివాళ్ళు డాక్టరుతో మాట్లాడకుండా వేయించుకోవద్దు. ఆ పుస్తకం లేకుండా అక్కడినుంచి తిరిగి వస్తే మనవాళ్ళే ఆరు రోజుల వరకు విడిగా ఉంచుతారు. ఎందుకంటే ఆ జ్వరం మన దేశంలో లేదు, కానీ దాన్ని మోసే దోమ ఉంది. మనకు డెంగీ తెచ్చిపెడుతున్న దోమే అది.

ఎం.ఎస్. చదువుకు అమెరికా వెళ్ళే పిల్లలున్న ఇళ్ళవాళ్ళు ఇది చదవండి. అక్కడి చాలా విశ్వవిద్యాలయాలు తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాలకు కలిపి వేసే టీకా రెండు మోతాదులు పడినట్టు రుజువు అడుగుతాయి. చిన్నప్పటి టీకా కార్డు ఏ ఇంట్లోనూ దొరకదు. రెండు మోతాదుల మధ్య కనీసం 28 రోజులు ఉండాలి. ఆగస్టు ప్రయాణానికి జూన్‌లోనే మొదలుపెడితే కుదురుతుంది.

విమానంలో కూర్చోవడం కూడా ఒక పనే. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే కాలి నరాల్లో రక్తం గడ్డ కట్టే అవకాశం రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన పరిశోధన 2007లో చెప్పింది. రెట్టింపైనా ఆరు వేల మందిలో ఒకరికి, అంతే. కాబట్టి భయపడక్కర్లేదు, లేచి నడవండి. నడవ పక్క సీటు అడగండి. కూర్చున్న చోటే మడమలు ఎత్తి దించండి. పిక్క వాచి నొప్పి పెట్టినా, దిగాక ఆయాసం వచ్చినా "ప్రయాణ బడలిక" అని పడుకోకండి. ఇంతకుముందు గడ్డ కట్టినవాళ్ళు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టరును అడగనిదే ఎక్కవద్దు. వీల్‌చైరు అడగడానికి సిగ్గెందుకు? మోకాళ్ళు బాగున్నా భాష రానివాళ్ళకు అది దారి చూపే మనిషి.

షుగరు ఉన్నవాళ్ళకు మన ఊళ్ళో ఇంకో చిక్కుంది. 2008 మేలో విమానాశ్రయం దేవనహళ్ళికి వెళ్ళిపోయింది. హెచ్.ఎ.ఎల్. రోజుల్లో వీధంతా సాగనంపడానికి వచ్చేది, ఇప్పుడు టాక్సీ డ్రైవరే దిక్కు. తెల్లవారుజాము మూడింటి విమానానికి బనశంకరిలో రాత్రి తొమ్మిదికే బయలుదేరతాం. ఆ హడావుడిలో మాత్ర వేసుకుంటాం, అన్నం మానేస్తాం. తినేది కంటికి కనిపించాకే మాత్ర వేసుకోమని మా డాక్టరు గారు చెప్పిన మాట మేము ఇప్పుడు పాటిస్తున్నాం. అమెరికా వైపు వెళ్తే రోజు పొడుగవుతుంది, అక్కడినుంచి వచ్చేటప్పుడు పొట్టిదవుతుంది. ఇన్సులిన్ వాడేవాళ్ళు ఏ పూటది ఎప్పుడు వేసుకోవాలో టికెట్టు చూపించి మరీ డాక్టరు చేత రాయించుకోండి.

అక్కడికి చేరాక మొదటి రోజే చేయాల్సినది: కొడుకు ఇంటి చిరునామా బట్టీ పట్టడం. పిల్లలు ఆఫీసుకు వెళ్ళాక మనమే కదా ఇంట్లో ఉండేది. అమెరికాలో 911, ఇంగ్లండులో 999, యూరప్‌లో 112, ఆస్ట్రేలియాలో మూడు సున్నాలు. ఫోను పక్కన రాసి పెట్టమనండి. అమెరికా ఆస్పత్రిలో "తెలుగు" అని ఒక్క మాట అంటే చాలు, సాధారణంగా దుబాసీని ఫోనులో కలుపుతారు, డబ్బు అడగరు. పదేళ్ళ మనవరాలి చేత మన కడుపు సంగతులు అనువాదం చేయించనక్కర్లేదు.

ఈ మేలో మళ్ళీ వెళ్తున్నాం. పోయిన వారం మా వారి కాగితం కొత్తగా టైపు చేయించి సంతకానికి తీసుకెళ్తే, డాక్టరు గారు ఒక మాత్ర తీసేసి ఇంకోటి మార్చారు, మళ్ళీ టైపుకి వెళ్ళింది. నకళ్ళు నాలుగు తీశాం: ఒకటి ఆయన పర్సులో, ఒకటి నా దగ్గర, ఒకటి అబ్బాయికి, ఒకటి మందుల షాపు అతనికి. అతను చదివి, మిల్లీగ్రాముల దగ్గర ఒక తప్పు పట్టుకుని పెన్నుతో దిద్ది ఇచ్చాడు.

ఆవకాయ చుట్టే విధానం అడిగినవారికి వచ్చే సంచికలో రాస్తాను. ఈలోగా మీ ప్రయాణాల్లో ఎదురైన ఇలాంటి చిక్కులు ఉంటే సంఘం కార్యాలయానికి ఉత్తరం రాయండి, మందుల పేర్లు మాత్రం విడివిడి అక్షరాల్లో.